మొదటి ప్రయత్నంలోనే

బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన దరఖాస్తు ఫారంలో ఒక గడి మీద పెన్ను ఆనించి చూస్తున్నాడు. కుడివైపున ఉన్నావిడ తన ఫోను ఇటు తిప్పి బల్ల మీద పెట్టింది. అందులో ఒక మరాఠీ దినపత్రిక వార్త ఉంది, ఫొటోతో సహా.

"మీరు పరీక్షలన్నీ మొదటి ప్రయత్నంలోనే నెగ్గారని ఇక్కడ ఉంది. రెండు ఫ్లైట్ టెస్టులు ఫెయిలయ్యానని ఫారంలో మీరే రాశారు. ఏది నిజం?"

ఆ గది ఢిల్లీ పక్కన ఒక విమాన సంస్థ ఆఫీసులో ఉంది. అడిగినావిడకు మరాఠీ వచ్చు కాబట్టి ఆ వార్త ఆమె కంట పడింది. జవాబు చెప్పవలసింది మా అక్క కూతురు. ఆ వార్త రాసింది నేను.

ఆ పూట నేను నాందేడ్ మోంఢాలో, అంటే ధాన్యం మార్కెట్లో, మా బావ విత్తనాల దుకాణంలో కూర్చుని ఉన్నాను. ఇంటర్వ్యూ నుంచి బయటికి రాగానే మా మేనకోడలు వాళ్ల నాన్నకు కాకుండా నాకు ఫోన్ చేసింది.

"మామా, నువ్వు రాసిన వార్త వాళ్ల దగ్గరున్నది."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉంది. మా బావ చేతిలోని సోయా సంచి కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"చూసినవా! ఢిల్లీ దాంక పోయింది నీ వార్త. అందుకే అంటరు, ఇంట్ల ఒక పేపరోడు ఉండాలెనని."

పక్క దుకాణంలో ఉన్నవాళ్లకూ వినపడాలని కాస్త గట్టిగానే అన్నాడు. నేను స్పీకర్ ఆపేసి, ఫోన్ చెవికి పెట్టుకుని, దుకాణం వెనక ఎరువుల బస్తాల మధ్యకు వెళ్లాను. మిగతాది అక్కడ నిలబడి విన్నాను.

మాది మొదట తెలంగాణ సరిహద్దు దగ్గరి భోకర్. బావ దుకాణం నాందేడ్‌కు మార్చాక అందరం ఇక్కడే స్థిరపడ్డాం. వాళ్ల ఇంటి మీదుగానే విమానం కిందికి దిగేది. వడియాలు పెట్టుకుంటున్న మా అక్క తలెత్తేది కాదు గానీ, పిల్ల మాత్రం ఏ గదిలో ఉన్నా డాబా మీదికి పరుగెత్తేది. మధ్యలో కొన్నాళ్లు ఊరికి విమానాలు రావడం మానేశాయి. అప్పుడు కూడా ఆ వేళకు మెట్లెక్కి వెళ్లి ఉత్త ఆకాశం చూసి వచ్చేది. "ఏమున్నదే ఆడ?" అని వాళ్లమ్మ అడిగితే, "ఏం లేదు, చూసొస్తున్న" అనేది.

పన్నెండో తరగతి అయ్యాక వేరే జిల్లాలో పైలట్ శిక్షణ సంస్థలో చేరింది. ఎగిరిన ప్రతిరోజూ నాకు ఫోన్ చేసేది. ఒంటరిగా దూరం వెళ్లి రావలసిన రోజున ఆమెకు ఇచ్చిన దారి నాందేడ్ మీదుగా పోతుంది. ఆ సాయంత్రం ఆమె గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"గోదారి కనవడ్డది మామా. గింత సన్నగ, ఎండిన దోసకాయ పొట్టు లెక్క. మన ఇల్లు దొరకలే. మీ ఇల్లు గూడ దొరకలే. మోంఢా రేకులు మాత్రం మస్తు మెరిసినయ్."

"చెయ్యూపినవా?"

"ఊపిన. ఎవలన్న చూసిన్రా?"

పైలట్ లైసెన్సుకు రాత పరీక్షలు ఒక ఎత్తు, ఫ్లైట్ టెస్టులు ఒక ఎత్తు. టెస్టు రోజున పక్క సీట్లో శిక్షకుడు ఉండడు, పరీక్షాధికారి ఉంటాడు. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఆయన చూస్తాడు, అడుగుతాడు, ఉన్నట్టుండి ఒక ఇబ్బంది తెచ్చిపెడతాడు. వాటిలో ఒకటి, గాల్లో ఉండగా ఇంజిన్ శక్తిని బాగా తగ్గించేసి, "ఇంజిన్ ఆగిపోయిందనుకో. ఎక్కడ దించుతావు?" అని అడగడం. నిజంగా నేలకు దించరు. కింద ఒక చేను ఎంచుకుని, దాని వైపు జారుకుంటూ వచ్చి, దిగగలమని చూపిస్తే చాలు. అక్కడి నుంచి ఇంజిన్ మళ్లీ పెంచి పైకి లేస్తారు.

ఆమె మొదటి టెస్టు శనగలు కోతకొచ్చే రోజుల్లో జరిగింది. ఎడమవైపు పొడవైన చేను, చదునుగా, గాలికి ఎదురుగా ఉంది. కుడివైపు ఒక బీడు ముక్క, చిన్నది, చివర చెట్లు. ఆమె బీడు ముక్కను ఎంచుకుంది. అంత చిన్న చోటికి వచ్చేసరికి ఇంకా ఎత్తులోనే ఉంది. అలాగే వెళితే చెట్లలోకే. పరీక్షాధికారి చేయి చాచి తానే ఇంజిన్ పెంచాడు.

నేలకు దిగాక ఆయన అడిగాడట, ఎడమవైపు చేను కనపడలేదా అని.

"కనవడ్డది సర్."

"మరి?"

"దాంట్ల శనగ ఉన్నది సర్. కోతకచ్చింది."

ఆయన హిందీలో, "హర్‌భరా బచానా హై, కి ప్యాసింజర్ బచానా హై?" అన్నాడట. శనగ చేను కాపాడతావా, విమానంలో ఉన్నవాళ్లనా అని. కాగితం మీద ఫెయిల్ అని రాశాడు.

ఇది విని నేను నవ్వాను. నవ్వాక గానీ సంగతి తలకెక్కలేదు. చిన్నప్పుడు మా బావ ఆమెను పంటలు చూడ్డానికి భోకర్ వైపు పల్లెలకు వెంట తీసుకుపోయేవాడు. విత్తనం అమ్మినవాడు మొలక చూడ్డానికి వెళ్లడం మోంఢాలో పాత పద్ధతి. చేలో దిగకుండా గట్టు మీద నడవాలి. ఎంత చుట్టు తిరగాల్సి వచ్చినా సరే, ఒకరి పంటలో కాలు పెట్టకూడదు. ఆ పిల్ల ఒకసారి సీతాకోకచిలుక వెంటపడి కందిచేలోకి పోతే, జీవితంలో ఒకే ఒక్కసారి తండ్రి చేతి దెబ్బ తిన్నది. ఇంజిన్ ఆగిందనుకోమన్న క్షణంలో ఆమె కళ్లు గట్టుదాకా వెళ్లి అక్కడే ఆగిపోయాయి.

ఫెయిలైతే మళ్లీ కొన్ని గంటలు శిక్షకుడితో ఎగరాలి, మళ్లీ దరఖాస్తు పెట్టాలి, పరీక్షాధికారి ఖాళీ కోసం ఎదురుచూడాలి. ఈలోగా వాన, మబ్బు, మరమ్మతుకు వెళ్లిన విమానం. ఆమెకు ఆర్నెల్లు పట్టింది. రెండోసారి చేను సరిగ్గానే ఎంచుకుంది, పచ్చని సోయా చేను. "పాపం రైతు" అని లోపల అనుకున్నానని తర్వాత చెప్పింది. కానీ ఆ రోజు అడ్డగాలి వీస్తోంది. రన్‌వే మీద చక్రాలు తగిలి విమానం ఒక్క ఎగురు ఎగిరింది. అలాంటప్పుడు వెంటనే శక్తి పెంచి పైకి వెళ్లిపోవాలి, ఇంకో చుట్టు తిరిగి రావాలి. ఆమె అలా చేయలేదు. ఇంకోసారి ఫెయిల్ కావద్దన్న పట్టుదలతో ఎలాగైనా దింపాలనే చూసింది. ఇంకో రెండు ఎగుర్లు ఎగిరి విమానం ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. టెస్టు మాత్రం పోయింది.

ఆ రోజు మా అక్క ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టింది. "ఎవలన్న అడిగితే నడుస్తున్నదని చెప్పున్రి. గంతే. తమ్మీ, నీకే చెప్తున్న, నీ నోరు పత్రిక నోరు."

మోంఢాలో మాత్రం అడగనివాడు లేడు. "ఏం సేట్, మీ బిడ్డ విమానం ఇంకా రిపేర్లనే ఉన్నదా?" అని ఒక పప్పుల వ్యాపారి రోజూ అనేవాడు. "నువ్వు జోకుడు సక్కగ నేర్చుకున్న నాడు ఎగురుతది తియ్" అని మా బావ జవాబు. తూకంలో చేతివాటం ఆ వ్యాపారికి ఊరంతా ఎరిగిన అలవాటు. ఇద్దరూ నవ్వుకుని చాయ్ తాగేవారు. ఆయన వెళ్లిపోయాక మా బావ లెక్కపెట్టిన సంచులనే మళ్లీ లెక్కపెట్టేవాడు.

విమాన సంస్థలు ఈ ఫెయిల్‌లను ఎలా చూస్తాయో నాకు ఆమె శిక్షకుడి ద్వారా తెలిసింది. వైమానిక దళంలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకసారి నాందేడ్‌కు గురుద్వారా దర్శనానికి వచ్చినప్పుడు ఇంటికి వచ్చి భోంచేశాడు. ఒక్క ఫెయిల్ ఉంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు అన్నాడు. రెండుంటే కూర్చోబెట్టి అడుగుతారు. అదే తప్పు మూడోసారి కూడా చేస్తే ఫైలు మూసేస్తారు. దాచిపెడితే మాత్రం ఒక్కదానికే మూసేస్తారు. అది తన అంచనా అనీ, సంస్థ సంస్థకూ మారుతుందనీ కూడా ఆయనే చెప్పాడు.

మా బావకు ఇది రుచించలేదు. ఆయన వెళ్లాక కూతురితో వాదన పెట్టుకున్నాడు.

"ఆఖరికి పాసైనవా లేదా, గది చూడాలె. ఎన్నిసార్లు పడ్డవో వాళ్లకెందుకు?"

"ఫారంల గడి ఉన్నది బాపూ. అడుగుతున్నరు."

"గడి ఉంటే గీత గియ్యి."

"మొలక శాతం రాయని సంచి నువ్వు అమ్ముతవా?"

"నేనెందుకు రాస్త? కంపెనీ రాస్తది."

"గట్లనే. ఇక్కడ కంపెనీ నేనే."

మా అక్క వంటింట్లోంచి, "తూకానికి తూకం సరిపాయె" అంది. మా బావ చెప్పులేసుకుని దుకాణానికి బయల్దేరాడు.

మూడోసారి పాసైంది. మిగతా టెస్టులు, మబ్బుల్లో పరికరాలు చూసుకుంటూ నడిపే అర్హతకు పెట్టేది కూడా, ఒక్కసారికే అయిపోయాయి. లైసెన్సు వచ్చిన వారం మా అక్క నన్ను పిలిచి వేడివేడి భక్ష్యాలు పెట్టి, "ఇగ రాయి" అంది.

ముప్పై ఏళ్లు మరాఠీ దినపత్రికలో పనిచేశాను. అప్పటికి ఉద్యోగం వదిలి రెండేళ్లయినా, నేను పంపిన వార్తను డెస్కులో ఎవరూ కత్తిరించేవారు కాదు. జిల్లాలో ఎవరు ఏ పరీక్ష నెగ్గినా మేము ఒకే అచ్చులో పోసేవాళ్లం. రైతు బిడ్డ, లేదా చిరు వ్యాపారి బిడ్డ, ఆ తర్వాత "పహిల్యాచ్ ప్రయత్నాత్", అంటే మొదటి ప్రయత్నంలోనే, ఆ తర్వాత "ఘవఘవీత్ యశ్", ఘన విజయం. పోలీసు భర్తీ అయినా, కలెక్టర్ పరీక్ష అయినా ఇంతే. ఇది ఎన్నో ప్రయత్నం అని నేను ఎవరినీ అడిగిన గుర్తు లేదు. కుండల్‌వాడి నుంచి ఒకాయన నాలుగోసారికి ఊరి భూముల లెక్కలు రాసే తలాఠీ ఉద్యోగం తెచ్చుకుంటే ఆయనకూ ఇదే రాశాను. ఆయన మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు, దిద్దమని అడగలేదు.

ఆ పిల్ల రెండుసార్లు ఫెయిలైందని నాకు తెలుసు. శనగ చేను సంగతీ తెలుసు. అయినా ఆ సాయంత్రం కూర్చుని రాస్తుంటే, "మోంఢాలోని విత్తనాల వ్యాపారి కుమార్తె" తర్వాత ఆ రెండు మాటలు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. చదివి చూసుకుని పంపాను. చదివినప్పుడు కూడా నాకు తప్పు కనపడలేదు.

పొద్దున్నే ఆమె ఫోన్ వచ్చింది.

"మామా, గది నిజం కాదు గద."

"ఏది?"

"మొదటి ప్రయత్నంలోనే అని."

"పేపర్ల గట్లనే రాస్తరు బిడ్డా. ఎవలు చూస్తరు?"

"రేపు ఖులాసా ఎయ్యరాదు?"

ఖులాసా అంటే పత్రిక తన తప్పు తానే దిద్దుకుంటూ వేసే రెండు లైన్లు.

"ఏమని ఎయ్యాలె? మా మేనకోడలు రెండుసార్లు పడ్డదనా? మీ అమ్మ నన్ను గడప తొక్కనియ్యది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఒప్పుకోలు అనుకున్నాను. అప్పటికే మా బావ ఆ కాగితాన్ని పెద్దది చేయించి గల్లా వెనక అతికించాడు. పప్పుల వ్యాపారి వచ్చి చదివి, పేడాలు అడిగి తిన్నాడు. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇంటర్వ్యూ గదిలో ఆమె చెప్పిన జవాబు ఎరువుల బస్తాల మధ్య నిలబడి ఇలా విన్నాను.

"ఫారంల ఉన్నదే నిజమని చెప్పిన. వార్త మా మామ రాసిండు, అలవాటు మీద రాసిండని చెప్పిన. శనగ సంగతి చెప్తే పెద్దాయన నవ్విండు మామా. గిసొంటి కారణం ఎన్నడు వినలేదన్నడు. ఇగ అయిపోయిందనుకున్న."

"మరి?"

"రెండో ఫెయిల్ గురించి అడిగిండు. ల్యాండింగ్ చెడిందని ఎప్పుడు తెలిసిందన్నడు. మొదటి ఎగురుకే తెలిసిందన్న. ఎప్పుడు దిద్దినవన్నడు. దిద్దలేదన్న. గప్పుడు ఆ మేడమ్ అడిగింది, వార్త తప్పని ఎప్పుడు తెలిసిందని."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"అచ్చిన పొద్దుగాలనే తెలిసిందన్న. దిద్దిచ్చినవా అన్నది. ఒకసారి అడిగిన, మళ్ల అడగలేదన్న. ఎందుకన్నది. ఇంట్ల అందరు మస్తు ఖుష్‌గ ఉండిరి అన్న. ఇగ ఆమె ఏమన్నదంటే, తప్పు తెలిసినంక దిద్దుటానికి మీకు ఎంతసేపు పడతది అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట మామా? ఊకున్న."

ముందు నుంచి బావ కేక వేశాడు, "ఏమంటున్నది? నౌక్రి అచ్చిందటనా?" అని. ఇంకా చెప్పలేదట అని నేను జవాబిచ్చాను. అది అబద్ధం కాదు.

ఆమె తిరిగి వచ్చిన మర్నాడు పాత ఆఫీసుకు వెళ్లాను. డెస్కులో ఉన్న అమ్మాయి నేను రాసిచ్చింది రెండుసార్లు చదువుకుంది. తిట్టినందుకు ఖులాసా అడిగేవాళ్లు వస్తారు గానీ, పొగిడినందుకు అడిగినవాళ్లను చూడలేదు సర్ అంది. అయినా వేసింది. లోపలి పేజీలో, బోరుబావి ప్రకటన పక్కన. ఇంటర్నెట్‌లో మా వార్త దిద్దారు. దాన్ని ఎత్తి వేసుకున్న చిన్న చిన్న సైట్లు మాత్రం ఎవరి చేతిలోనూ లేవు. తప్పు నాదేనని ఆ విమాన సంస్థకు ఉత్తరం రాస్తానన్నాను. ఆమె వద్దంది.

"బడికి పోకుంటే చిట్టీ రాసిచ్చినట్లుంటది మామా. పైలట్‌కు మామ చిట్టీనా?"

ఖులాసా కాగితాన్ని ఆ సంస్థకు తానే పంపింది. మా అక్క నాతో పది రోజులు మాట్లాడలేదు. అది ఊరందరికీ ఫెయిల్ సంగతి తెలిసినందుకు కాదని తర్వాత అర్థమైంది. "బిడ్డ అడిగిన పొద్దు ఎయ్యకపోతివి. ఇప్పుడేసి ఏం లాభం?" అంది. గల్లా వెనక కాగితాన్ని మా బావే చింపేశాడు. అతికించిన జిగురు మాత్రం గోడకే ఉండిపోయింది.

ఆమె ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది. మధ్యాహ్నాలు దుకాణానికి వచ్చి కూర్చుంటుంది. రైతులు సంచి మీది అక్షరాలు చదివి చెప్పమంటే చదివి పెడుతుంది. పొద్దున ఎండ ముదరకముందు డాబా మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కళ్లు మూసుకుంటుంది. కుడి చేయి ముందుకు జరుగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. ఎడమ చేయి లేని దాన్నేదో పట్టుకుని ఉంటుంది. పాదాలు ఒకదాని తర్వాత ఒకటి కొద్దిగా నొక్కుతాయి. పెదాలు కదులుతుంటాయి. ఎగరనప్పుడు చేయి మరిచిపోకుండా పైలట్లు అలా సాధన చేస్తారట. ఒకరోజు తెలియక మెట్లెక్కి వెళ్లి, ఆమె ముగించేదాకా అక్కడే నిలబడిపోయాను. కళ్లు తెరిచి నన్ను చూసి, "అడ్డగాలి మామా" అంది.

"దిగినవా?"

"లేదు. ఎగిరింది. మళ్ల పైకి పోయి చుట్టు తిరిగచ్చిన."

విమానం వచ్చే వేళకు ఇప్పుడు ఆమె తలెత్తి చూడదు. శబ్దం వినపడగానే చేస్తున్న పని ఆపుతుంది. అది దాటిపోయాక మళ్లీ మొదలుపెడుతుంది. వెనకటిలా సాయంత్రాలు ఆమె నుంచి ఫోన్ వస్తే బాగుండుననిపిస్తుంది. ఒకే ఊళ్లో ఉంటున్నాం, రోజూ కనపడుతుంది, ఫోన్ చేయవలసిన అవసరమే లేదు. అయినా ఆ వేళకు ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చుంటాను. పై నుంచి ఊరు ఎలా ఉందో చెప్పేవాళ్లు నాకు ఇంకెవరూ లేరు.

ఇంకో రెండు సంస్థలకు దరఖాస్తు పెట్టింది. వాటి ఫారాల్లోనూ అదే గడి ఉంది, అందులో అదే జవాబు రాసింది. ఒక సంస్థ రాత పరీక్షకు పిలుస్తామంది. రెండోది ఉలుకూ పలుకూ లేదు. ఢిల్లీ సంస్థ కాదనలేదు, ఔననలేదు. అడ్డం పడ్డవి ఆ రెండు టెస్టులా, నా రెండు మాటలా అన్నది ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. కారణాలు చెప్పే పద్ధతి వాళ్లకు లేదట.

ఇంటర్వ్యూ జరిగి ఐదు నెలలైంది. ఆ సంస్థ వెబ్‌సైటులో ఆమె పేరు ఎదుట "పరిశీలనలో ఉంది" అనే వస్తోంది. మబ్బుల్లో నడిపే అర్హతను ఏడాదికోసారి ఫ్లైట్ టెస్టు ఇచ్చి పొడిగించుకోవాలి. అది లేకుంటే ఏ సంస్థా తీసుకోదు. ఆమెది వచ్చే నెలాఖరుకు ముగుస్తుంది. టెస్టుకు తేదీ ఇంకా దొరకలేదు.